మహదేవన్ గారి రెండు క్యాసెట్లు

తెనాలి బోస్ రోడ్డు నుంచి పక్కకి తిరిగే ఒక సందులో 1982లో క్యాసెట్ రికార్డింగ్ షాపు పెట్టాను. మంచం పడితే మనిషి పట్టనంత గది. రెండు డెక్కులు, ఒక టర్న్‌టేబుల్, గోడ పొడుగునా ఎల్పీలు. జనం పాటల చీటీ రాసుకొచ్చేవాళ్లు. అరవై నిమిషాలదా తొంభైదా అని అడిగి, వాళ్లు రాసిన వరసలోనే ఎక్కించి మర్నాడు సాయంత్రానికి ఇచ్చేవాణ్ణి. చీటీలు పోతున్నాయని, వచ్చిన ఆర్డరు వచ్చినట్టు పొడుగాటి లెక్కల పుస్తకంలో దించుకునేవాణ్ణి. అలాంటి పుస్తకాలు ఏడు ఇంకా మా అటక మీద ఉన్నాయి.

మొన్న అటక దులుపుతుంటే 1983 పుస్తకం చేతికొచ్చింది. అందులో ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. పైన ఒక ఆర్డరు: ‘శంకరాభరణం, రెండు వైపులా, అరవై.’ కింద ఇంకో ఆర్డరు: ‘అడవి రాముడు, వేటగాడు, ప్రేమాభిషేకం, తొంభై. ఆరేసుకోబోయి మొదట ఒకసారి, చివర ఒకసారి.’ రెండూ ఒకే రోజువి. ఆ రోజు నాకు బాగా గుర్తుంది.

పై ఆర్డరు నాజరుపేటలో పిల్లలకి వయొలిన్ నేర్పే మాస్టారిది. కిందది దుగ్గిరాల యార్డు నుంచి పసుపు బస్తాలు తోలే లారీ డ్రైవరుది. రాత్రిళ్లు మద్రాసు దారిలో నిద్ర రాకుండా ఉండటానికి పాటలు కావాలని వచ్చేవాడు. పాట మెత్తగా ఉంటే తిరిగి తెచ్చేసేవాడు, ‘దీనికి కునుకొస్తంది బాబాయ్’ అని.

మాస్టారి చేతిలో పేపరు ఉంది. ‘మేఘసందేశం’కి జాతీయ అవార్డులు నాలుగు వచ్చాయన్న వార్త. ఉత్తమ తెలుగు చిత్రం, సంగీతానికి రమేశ్ నాయుడు, పాటకి ఏసుదాసు, సుశీల. మాస్టారి ముఖం వెలిగిపోతోంది. మూడేళ్ల కిందట మహదేవన్‌కి, ఇప్పుడు రమేశ్ నాయుడికి, సంగీతాన్ని సంగీతంగా గుర్తించేవాళ్లు ఢిల్లీలో ఉన్నారోయ్ అన్నారు. అంటూ అంటూ నా పుస్తకంలో కింది ఆర్డరు చూసి, ‘ఇలాంటి వాటికి ఎవడిస్తాడు అవార్డు’ అన్నారు. డ్రైవరు పక్కనే నిలబడి ఉన్నాడు. ఏమీ అనలేదు. చేతిలో ఉన్న తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదకి మార్చుకున్నాడు.

నాకు మనసు చివుక్కుమంది. గోడ మీంచి రెండు ఎల్పీలు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టాను. ఒకటి ‘శంకరాభరణం’, ఒకటి ‘అడవి రాముడు’. ‘సంగీతం ఎవరిదో చదవండి మాస్టారూ’ అన్నాను. కళ్లజోడు సవరించుకుని చదివారు. రెండింటి మీదా కె.వి. మహదేవన్. రెండింటి మీదా వేటూరి.

‘ఆయనేనా?’ అన్నారు. ఆ మాట రెండుసార్లు అన్నారు.

తర్వాత ఆయనే ‘ఆరేసుకోబోయి’ పాట పెట్టమన్నారు. కూర్చోలేదు, నిలబడే విన్నారు. కుడిచేతి వేళ్లు ఎడమ అరచేతిలో తాళం వేస్తున్నాయి. పాట అయ్యాక చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, ‘ఎక్కడా మాట విరగలేదు’ అన్నారు.

సంగీతం నేర్చిన మనిషి కాబట్టి ఆ మాట అనగలిగారు. మహదేవన్ గారికి తెలుగు రాదు. కానీ ఆయన పద్ధతి సాహిత్యం ముందు, బాణీ తర్వాత. కాగితం మీద పాట వస్తే, దాని అర్థం చెప్పించుకుని, మాటల బరువు ఎక్కడ పడుతుందో చూసుకుని బాణీ కట్టేవారు. అందుకే ఆయన పాటల్లో దీర్ఘం ఉన్నచోట దీర్ఘం ఉంటుంది, ఒత్తు ఉన్నచోట ఒత్తు పడుతుంది. ‘శంకరాభరణం’లో శంకరశాస్త్రి పాడే కీర్తనకీ, కొండగాలి ఎత్తుకెళ్లిన చీర పాటకీ ఆ పద్ధతి ఒక్కటే. డ్రైవరుకి ఈ సంగతులు ఎవరూ చెప్పలేదు. కానీ లారీ ఇంజను మోతలో కూడా మాట మాటా వినపడే పాట ఏదో అతనికి తెలుసు. అందుకే మొదట ఒకసారి, చివర ఒకసారి అడిగాడు.

ఆ పేజీ చూసిన దగ్గర్నుంచి ఒక విషయం నన్ను వదలడం లేదు. సంగీత దర్శకత్వానికి జాతీయ అవార్డు తెచ్చిన తెలుగు సినిమాలు వరసగా రాసుకుని చూశాను. 1979కి ‘శంకరాభరణం’. సినిమా విడుదలైంది 1980 ఫిబ్రవరిలో అయినా సెన్సారు సర్టిఫికెట్ ఏ ఏడాది వస్తే ఆ ఏడాది లెక్క. 1982కి ‘మేఘసందేశం’. 1983కి ‘సాగర సంగమం’, 1988కి ‘రుద్రవీణ’, రెండూ ఇళయరాజావి. 1997కి ‘అన్నమయ్య’, కీరవాణి. 2004కి ‘స్వరాభిషేకం’, విద్యాసాగర్. ఇరవై అయిదేళ్లలో ఆరు.

ఇప్పుడు ఆ కథల్లో మనుషుల్ని చూడండి. శంకరశాస్త్రి గాయకుడు. ‘మేఘసందేశం’లో నాయకుడు కవి. ‘సాగర సంగమం’ బాలకృష్ణ నాట్యకారుడు. ‘రుద్రవీణ’లో తండ్రి సంగీత విద్వాంసుడు, కొడుకూ పాడేవాడే. అన్నమయ్య వాగ్గేయకారుడు. ‘స్వరాభిషేకం’లో అన్నదమ్ములిద్దరూ సంగీత దర్శకులే. ఆరింటికి ఆరూ కళాకారుల కథలు. సంగీతం గురించి తీసిన సినిమాకే సంగీతం అవార్డు వచ్చింది. పొలం గట్టు మీద, కాలేజీలో, పెళ్లిపందిట్లో పుట్టిన పాటకి ఆ పాతికేళ్లలో ఒక్కసారీ రాలేదు.

ఆ ఆరు సినిమాలకీ రాకూడదని నేను అనను. ‘మేఘసందేశం’ సంగతే చెబుతాను. ఆ సినిమా వచ్చిన రోజుల్లో ఒకావిడ ఖాళీ క్యాసెట్టు తెచ్చి, ‘ఆకాశ దేశాన’ ఒక్కటే ఒక వైపంతా ఎక్కించమన్నారు. అయిపోయిన ప్రతిసారీ మళ్లీ మొదట్నుంచి. ఎందుకని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. నీడిల్ ఎత్తి మళ్లీ అదే గాడిలో పెట్టడం, వైపు నిండేదాకా అదే పని. అన్నిసార్లు విన్నా నాకు విసుగు పుట్టలేదు. ఏసుదాసు గొంతు చుట్టూ రమేశ్ నాయుడు వాయిద్యాలు ఎంత తక్కువ పెట్టారో అప్పుడే గమనించాను. ఖాళీ ఎక్కడ వదలాలో తెలిసిన మనిషి. అందులో కృష్ణశాస్త్రి గారి పాటలున్నాయి, జయదేవుడి అష్టపదులున్నాయి. కృష్ణశాస్త్రి గారు 1980లోనే పోయారు, సినిమా చూడలేదు. అవార్డుకి ఆ సంగీతం నూటికి నూరుపాళ్లూ తగింది.

కానీ అదే రమేశ్ నాయుడు, ‘మేఘసందేశం’ తీసిన దాసరి నారాయణరావు గారి ‘చిల్లరకొట్టు చిట్టెమ్మ’కి ‘చూడు పిన్నమ్మా’ కూడా కట్టారు. బాలసుబ్రహ్మణ్యం గొంతు మార్చి పాడిన ఆ పాట పాడని పల్లెటూరు ఆరోజుల్లో లేదు. ‘శివరంజని’లో ‘జోరుమీదున్నావు తుమ్మెదా’ ఆయనదే. కొండపల్లిలో పుట్టి, చిన్నతనంలోనే బొంబాయి పోయి, బెంగాలీ సినిమాలకి పనిచేసి తిరిగొచ్చిన మనిషి చేసిన జానపదం అది. 1987లో, యాభై మూడు యాభై నాలుగేళ్లకే పోయారు. ఆయన్ని తలుచుకునేవాళ్లు ఇవాళ ‘మేఘసందేశం’తోనే మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు. అవార్డు చేసే మేలూ అదే, అన్యాయమూ అదే. మనిషి చేసిన పనిలో ఒక్కటి పైకి తీసి, మిగతాది అటక ఎక్కిస్తుంది.

ఇంకా వెనక్కి వెళితే అసలు అవార్డే లేదు. జాతీయ అవార్డుల్లో సంగీతానికి విడిగా బహుమతి పెట్టింది 1967 సినిమాల నుంచి. మొదటిది మహదేవన్ గారికే, ఒక తమిళ సినిమాకి. అంటే ‘మల్లీశ్వరి’కి, ‘పాతాళభైరవి’కి, ‘సువర్ణసుందరి’కి, ‘జగదేకవీరుని కథ’కి ఇవ్వడానికి ఆ బహుమతే లేదు. సాలూరి రాజేశ్వరరావు, ఘంటసాల, ఆదినారాయణరావు, పెండ్యాల, వీళ్లు తమ మంచి వయసంతా అవార్డు లేని కాలంలో పనిచేశారు. రాజేశ్వరరావు గారూ ఘంటసాల గారూ ఇద్దరూ 1922లో పుట్టినవాళ్లే.

ఒకవేళ ఆ రోజుల్లోనే అవార్డు ఉండి, 1957లో ‘మాయాబజార్’కి ఇచ్చి ఉంటే ఎవరిని పిలిచేవాళ్లు? తెర మీద పేరు ఘంటసాలది. కానీ ‘లాహిరి లాహిరి’, ‘చూపులు కలసిన శుభవేళ’, ‘నీకోసమే’, ‘శ్రీకరులు దేవతలు’ ఈ నాలుగింటి బాణీలూ రాజేశ్వరరావు గారు కట్టినవి. ఆయన మధ్యలో తప్పుకున్నాక ఘంటసాల గారు వాటికి వాద్యసహకారం కూర్చి రికార్డు చేశారు, మిగతా పాటలు తాను కట్టారు. ‘లాహిరి’ వింటుంటే వెన్నెల్లో పడవ కదిలిన తీరు ఎవరిది? బాణీ ఇచ్చినాయనదా, ఆ బాణీని నీళ్ల మీద నడిపినాయనదా? నాకైతే ఇద్దరిదీ. వేదిక మీద కుర్చీ మాత్రం ఒక్కటే వేస్తారు.

అసలు ఎల్పీ అట్టల మీద చిన్న అక్షరాలు చదవడం నాకు అలవాటు అయింది ఈ షాపు వల్లే. మహదేవన్ గారి పేరు కింద తరచూ ఇంకో పేరు ఉండేది, పుహళేంది. ఆయన సహాయకుడు. తెలుగు పాట మాట మాటకీ అర్థం మహదేవన్ గారికి అందించడం, బాణీ గాయకులకి నేర్పడం, వాద్యబృందాన్ని నడపడం ఆయన చేతి మీదే జరిగేవి. మద్రాసులో కోరస్ పాడి వచ్చిన మా దూరపు బంధువొకాయన, ‘మామ ఊ అంటే పాట అయిపోయినట్టే, కానీ పుహళేంది చేస్తే గానీ అవదు’ అనేవాడు. మామ అంటే మహదేవన్, ఆర్కెస్ట్రా వాళ్ల పిలుపు అది. ‘శంకరాభరణం’ అవార్డు పట్టికలో మాత్రం మహదేవన్ గారి ఒక్క పేరే.

ఇక నాకు అన్నిటికంటే లోపల గుచ్చుకునే పేరు సంగీత దర్శకుడు చక్రవర్తి గారిది. మా గుంటూరు జిల్లా పొన్నెకల్లు మనిషి, అసలు పేరు కొమ్మినేని అప్పారావు. నా ఏడు పుస్తకాల్లో ఏది తెరిచినా, ఏ పేజీ తిప్పినా ఆయన పాట లేని పేజీ దొరకదు. శివరాత్రి దగ్గరపడుతుంటే ‘ప్రేమాభిషేకం’లో కోటప్పకొండ పాటకి ఎన్ని చీటీలు వచ్చేవో! ప్రభలు కట్టే ఊళ్ల నుంచి కుర్రాళ్లు సైకిళ్ల మీద వచ్చి, అది మైకులో వేయాలి, సౌండు బాగా పెట్టి ఎక్కించు అనేవాళ్లు. డెక్ హెడ్‌ని స్పిరిట్‌తో తుడిచి, మీటరు ముల్లు ఎర్రగీత తాకీ తాకనట్టు ఉండేలా చూసి ఎక్కించేవాణ్ణి. అంతకు మించితే పగిలిపోతుంది.

నిర్మాతకి వారంలో పాటలు కావాలంటే వారంలో ఇచ్చేవారట. ఏడాదికి అన్నన్ని సినిమాలు చేసిన మనిషి పనిలో ఎత్తుపల్లాలు ఉండవా అంటే ఉంటాయి. కొన్ని పాటలు ఎక్కిస్తూనే మరిచిపోయాను. కానీ రాష్ట్రమంతా రోజూ పాడుకునే పాట అంతకాలం ఒక మనిషి చేతిలోంచి వచ్చిందంటే దాన్ని కొలిచే కొలత ఢిల్లీలో లేకపోయింది. జాతీయ అవార్డు లేకుండానే 2002 ఫిబ్రవరిలో ఆయన వెళ్లిపోయారు. సంగీత దర్శకుడు సత్యం గారూ అంతే. రాజ్-కోటి జంటా అంతే. కోటి గారు సాలూరి రాజేశ్వరరావు గారి అబ్బాయి, రాజ్ గారు టి.వి. రాజు గారి అబ్బాయి, ఇద్దరూ చక్రవర్తి గారి దగ్గర పనిచేసి బయటికొచ్చినవాళ్లు. 2023 మే నెలలో రాజ్ గారు కూడా పోయారు.

మన ప్రభుత్వం ఇచ్చిన నంది అవార్డులు 1964లో మొదలయ్యాయి. లేపాక్షి బసవన్న బొమ్మ. ఉమ్మడి రాష్ట్రంలో ఆ పండగ దూరదర్శన్‌లో చూడటం కోసం షాపు ముందే కట్టేసేవాణ్ణి. 2014, 2015, 2016 సంవత్సరాల నందులు కలిపి 2017 నవంబరులో ప్రకటించారు. ఆ తర్వాత ఆగిపోయాయి. ఇది నాకు చాలా బాధ. తెలుగు పాటని తెలుగువాళ్లు విని ఇచ్చే బహుమతి అది. ఢిల్లీ కమిటీకి ‘కోటప్పకొండ’ అంటే ఏమిటో ఒకరు చెప్పాలి, మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. తెలంగాణ ప్రభుత్వం 2025 జూన్‌లో హైదరాబాద్‌లో గద్దర్ పేరుతో సినిమా బహుమతులు మొదలుపెట్టింది, 2024కి సంగీతం బహుమతి ‘రజాకార్’కి భీమ్స్ సిసిరోలియోకి వచ్చింది. జానపదం గొంతెత్తి పాడిన మనిషి పేరు మీద సినిమా బహుమతి అనగానే నాకు సంతోషం వేసింది.

నా షాపు 2000 దాటాక ఎంపీత్రీ సీడీలతో మూతపడింది. నిజానికి 1997లో ‘అన్నమయ్య’ వచ్చేనాటికే నేను ఎక్కించేది తగ్గిపోయింది. కంపెనీ క్యాసెట్లే అట్టపెట్టెల్లో వచ్చేవి, వచ్చిన సాయంత్రానికి అయిపోయేవి. తిరుపతి వెళ్లే బస్సుల వాళ్లు రెండేసి మూడేసి కొనేవాళ్లు. దర్శకుడు రాఘవేంద్రరావు గారు. ‘అడవి రాముడు’ తీసినాయనే. ఆ సంగతి మాస్టారికి చెబుదామంటే అప్పటికి ఆయన లేరు.

ఆ తర్వాత ఢిల్లీ చెవి మారింది. ఎందుకు మారిందో గానీ, మారింది. 2020 సినిమాలకి ‘అల వైకుంఠపురములో’ పాటలకి తమన్‌కి ఇచ్చారు. 2021కి ‘పుష్ప’ పాటలకి దేవిశ్రీ ప్రసాద్‌కి, నేపథ్య సంగీతానికి ‘ఆర్ఆర్ఆర్’ కీరవాణికి. ఒకే ఏడాది రెండు సంగీతం బహుమతులూ తెలుగుకే. ఒక సినిమాలో హీరో ఆఫీసులో ఉద్యోగం చేస్తాడు, ఒక సినిమాలో ఎర్రచందనం దుంగలు మోస్తాడు. ఎవరూ వీణ పట్టుకోలేదు, ఎవరూ గజ్జె కట్టలేదు. 2023 అక్టోబరు 17న విజ్ఞాన్ భవన్‌లో రాష్ట్రపతి చేతి మీదుగా దేవిశ్రీ ప్రసాద్, కీరవాణి తీసుకుంటుంటే నేను టీవీ ముందు లేచి నిలబడ్డాను. మా కోడలు ఏమైంది మామయ్యా అని పరుగెత్తుకొచ్చింది. అమ్మాయికి ఏం చెప్పను, నలభై ఏళ్ల కిందటి ఒక పేజీ గురించి?

నేపథ్య సంగీతానికి బహుమతి 2009 సినిమాల నుంచి విడిగా ఇస్తూ వస్తున్నారు. మంచి పని చేశారు. మనవాళ్లు రీరికార్డింగ్ అంటారే, ఆ పని పాట కట్టడం కంటే వేరు. పాట క్యాసెట్‌లోకి వస్తుంది, ఇంటికి వెళుతుంది. రీరికార్డింగ్ హాల్లోనే ఉండిపోతుంది. నా షాపులో ఇన్నేళ్లలో ఎవరూ అది ఎక్కించమని అడగలేదు.

‘నాటు నాటు’కి ఆస్కార్ వచ్చిన ఉదయం, 2023 మార్చి 13, సోమవారం. కీరవాణి, చంద్రబోస్ ఇద్దరూ వేదిక మీద. లోకం మొత్తం ఆ డ్యాన్సు గురించి మాట్లాడుతుంటే నాకు వినపడింది ఆ దరువు. ఆరు-ఎనిమిది నడక. కోటప్పకొండ తిరనాళ్లలో డప్పు మీద వినేది అదే నడక, ప్రభల ఊళ్ల కుర్రాళ్లు మైకుకి అడిగిన పాటల్లో కూడా ఎక్కువ అదే. కీరవాణి గారు సొంతంగా సినిమాలు మొదలుపెట్టకముందు చక్రవర్తి గారి దగ్గర సహాయకుడిగా చేశారు. తమన్ వాళ్ల నాన్న ఘంటసాల శివకుమార్ గారు చక్రవర్తి గారి బృందంలో డ్రమ్స్ వాయించారు. ఈ రెండూ నాకు ఎవరో చెప్పింది కాదు, పత్రికల్లో చదివి ఎప్పుడో గుర్తుపెట్టుకున్నవి. పొన్నెకల్లు మనిషికి చేతికి రానిది ఆయన రికార్డింగ్ థియేటర్లోంచి నడిచి ఢిల్లీ దాకా, లాస్ ఏంజెలెస్ దాకా వెళ్లిందని ఆ ఉదయం అనుకున్నాను. అనుకుని, చక్రవర్తి గారి పాటలున్న పాత తొంభై నిమిషాల క్యాసెట్టు ఒకటి పెట్టాను. రెండో వైపు టేపు నలిగి ఉంది. ఉన్నంతవరకు విన్నాను.

ఇప్పుడు మా అబ్బాయి ఇచ్చిన పాత కంప్యూటర్‌లో నా ఎల్పీలు ఒక్కొక్కటే ఎక్కిస్తున్నాను. రోజుకి ఒకటి, ఉదయం వీధి సద్దు మొదలవకముందు. ఫైలుకి పేరు పెట్టేటప్పుడు సినిమా, ఏడాది, పాట, గాయకులు, రచయిత, సంగీతం రాస్తాను. అట్ట మీద చిన్న అక్షరాల్లో సహాయకుడి పేరు ఉంటే అదీ రాస్తాను. పేరు మరీ పొడుగైపోతోంది నాన్నా అంటాడు మావాడు. నిన్న ‘అడవి రాముడు’ అయింది. మహదేవన్, పుహళేంది. ఇవాళ ‘శంకరాభరణం’ మొదటి వైపు తీశాను. గాడిలో ఒకచోట గీత పడి ఉంది, నాజరుపేట మాస్టారు ప్రతిసారీ అక్కడే ‘అబ్బా’ అనేవారు.